సాయంత్రపు బట్వాడా

ఆమె ఉత్తరాలు పంచే బీటులో మాది నూట పదహారో తలుపు. మొత్తం నాలుగు వందల పన్నెండు తలుపులు. ఏ తలుపు వెనక ఎవరుంటారో, ఎవరి దస్తూరీ ఎలా ఉంటుందో, ఎవరు కవరు చించి అక్కడే చదువుతారో, ఎవరు జేబులో దాచుకుని లోపలికి పోతారో ఆమెకి కంఠతా వచ్చు. మేమంతా ఆమెను ఉత్తరాలక్క అంటాం. ఆమెకంటే పాతికేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కే అంటారు. మొదట్లో ఆమెకి ఒళ్లు మండేదట. తర్వాత అలవాటు పడిపోయింది.

ఇందులో సగం ఆమె చెప్పింది. మిగతా సగం వాళ్ల అత్తగారు చెప్పింది. అత్తగారు చెప్పినదాన్ని బాగా తగ్గించి రాస్తున్నాను. అయినా ఎక్కడైనా ఎక్కువనిపిస్తే ఆ పాపం ఆవిడదే.

ఇరవై మూడో ఏట ఉద్యోగంలో చేరింది. పొద్దున ఏడున్నరకి తపాలా వ్యాను సంచులు దించేది. ఎనిమిదికల్లా గూళ్ల బీరువా ముందు నిలబడి ఉత్తరాలు వీధుల వారీగా గూళ్లలో పడేయడం, వాటిని నడిచే వరసలో పేర్చుకోవడం, పదింటికి సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరడం. రెండింటికి తిరిగి రావడం. మా వీధులు మెట్ల వీధులు. సైకిలుకి పనికిరావు. కాళ్లే గతి. ఆమె రెండేసి మెట్లు ఎక్కేది.

చిరునామాలు విప్పడంలో ఆఫీసులో ఆమెకి పెద్ద పేరు. ఎవరూ చదవలేని చిరునామా వస్తే "అక్క దగ్గర పెట్టండి" అనేవారు. ఒకసారి ఒక కవరు మీద "పెద్ద కుక్క ఉన్న ఇంటి పక్కింటి పిన్నికి" అని మాత్రమే ఉంది. కుక్కలున్న ఇళ్లు తొమ్మిది. వాటిలో పెద్దవి నాలుగు. ఆ నాలుగిళ్ల పక్కిళ్లలో పిన్ని అనిపించుకునే వయసువాళ్లు ముగ్గురు. వాళ్లలో ఇంత నిర్లక్ష్యంగా చిరునామా రాసే బంధువులు ఒక్కరికే ఉన్నారు. ఉత్తరం గంటలో చేరింది.

అంత హుషారు మనిషి ముప్పై ఒకటో ఏట డీలాపడింది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. జాకెట్టు హుక్కులు అత్తగారు పెట్టాల్సి వచ్చేది. మధ్యాహ్నం ఇంటికొస్తే చెప్పులు విడవకుండానే మంచం మీద పడిపోయేది. ఎండలో గంట తిరిగితే రెండు బుగ్గలూ ముక్కు మీదుగా కలిసిపోయి ఎర్రగా కందిపోయేవి. ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే సార్టరమ్మ, "ఏంటక్కా, బుగ్గలకి రంగేసుకుని మరీ బట్వాడాకి వెళ్తున్నావ్, ఎవరికోసమేంటి?" అని ఆటపట్టించేది. ఆమె కూడా నవ్వేసేది. ఏం చెప్తుంది, ఏమైందో తనకే తెలియకపోతే!

ఒక డాక్టరు రక్తం తక్కువన్నాడు. ఒకాయన కీళ్లనొప్పులన్నాడు. ఇంకొకాయన "ఆలోచనలు తగ్గించండి" అన్నాడు. అలా ఏడాది గడిచింది. చివరికి ఒక డాక్టరమ్మ పరీక్షలన్నీ ముందేసుకుని, దీన్ని లూపస్ అంటారని చెప్పింది.

"అంటే?"

"మీ ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్లే మీ ఒంటి మీద పడుతున్నారు. కంచే చేను మేస్తోందనుకోండి."

"కంచె పీకేస్తే పోలేదా డాక్టరుగారూ?"

"పీకేస్తే ఊళ్లో గొడ్లన్నీ వచ్చి పడతాయి. కంచెకి బుద్ధొచ్చే మందులిస్తాను. నెమ్మదిస్తుంది, మళ్లీ రేగుతుంది, మళ్లీ నెమ్మదిస్తుంది. పూర్తిగా మాత్రం పోదు. ఇంట్లోకి వచ్చిన చుట్టం కాదు, ఇంట్లో మనిషే అనుకోవాలి." డాక్టరమ్మ చీటీ రాస్తూ తలెత్తకుండా, "ఎండ మాత్రం అస్సలు తగలకూడదు. ఎండే దీన్ని రెచ్చగొడుతుంది. ఇంతకీ మీరేం పని చేస్తారు?" అంది.

"ఉత్తరాలు పంచుతాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

ఇంటికొచ్చాక సంగతి విన్న అత్తగారు కాసేపు నోట మాట లేకుండా కూర్చుంది. ఆవిడ విషయంలో అది పెద్ద వింత. తర్వాత గొంతు సవరించుకుని, "పుట్టింట్లో నిన్ను ఎండ కన్నెరగకుండా పెంచారో లేదో నాకు తెలీదు గానీ అమ్మాయ్, అత్తింట్లో అలా పెంచమని డాక్టరే రాసిచ్చింది. ఇంక చేసేదేముంది!" అంది. ఉత్తరాలక్కకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మాట తక్కువ, చేత ఎక్కువ. రెండు రోజులు కొట్లోంచి టంగుటంగుమని చప్పుళ్లు వచ్చాయి. మూడో రోజు ఆమె సంచీ పట్టీకి ఒక ఇనప గొట్టం, ఆ గొట్టంలో ఒక పెద్ద నల్ల గొడుగు బిగించి తెచ్చాడు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, నెత్తిన నీడా ఉంటుంది. ఆలోచన బ్రహ్మాండం. కానీ మెట్ల వీధి మలుపులో గాలి ఎలా వీస్తుందో ఆయనకి తెలియదు. మొదటి రోజే గొడుగులోకి గాలి దూరి ఆమెను నాలుగు మెట్లు పక్కకి లాక్కెళ్లి ఒకరి గేటుకి తగిలించింది.

"గొడుగే నన్ను బట్వాడా చేసేసిందండీ" అంది సాయంత్రం.

ఆయన గొట్టం ఊడదీసి, మామూలు గొడుగు చేతికిచ్చాడు.

ఆఫీసులో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. నిండు చేతుల చొక్కా, మెడకి రుమాలు, చేతులకి తొడుగులు వేసుకుని పోయేది. అడిగితే "నల్లబడిపోతున్నా, అందుకే" అనేది. చెబితే పనికిరాదంటారేమో, మెల్లగా సాగనంపుతారేమో అని భయం. రోగం ఒకటి, దాన్ని దాచే చాకిరీ ఒకటి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఎన్నాళ్లు దాగుతుంది? ఒక మిట్టమధ్యాహ్నం అయిదంతస్తుల మేడ మెట్లు దిగుతూ మూడో మలుపులో కూర్చుంది. కూర్చున్నది అలాగే పక్కకి ఒరిగింది. సంచీలోంచి ఉత్తరాలు జలజలా కిందికి జారాయి. కింది వాటావాళ్లు ఆఫీసుకి ఫోను చేస్తే పోస్టుమాస్టరుగారు స్కూటరు మీద స్వయంగా వచ్చారు.

"మా సారు ముందు ఉత్తరాలు ఏరారండీ, తర్వాత నన్ను లేపారు" అని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. మేడవాళ్లు చెప్పేది వేరు. ఆయన కంగారులో ఏం చెయ్యాలో తోచక ఉత్తరాలు ఏరుతూ కూర్చున్నారట, ఆమె కళ్లు తెరిచేదాకా.

మర్నాడు ఆయన ఆమెను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరకి వేయించారు. ఆమె మొత్తం చెప్పేసింది. ఆయన చాలాసేపు చూసి, "చూడ్డానికి బాగానే ఉన్నావు కదమ్మా" అన్నారు.

"అదే సార్ నాకొచ్చిన చిక్కు. కాలు విరిగితే కట్టయినా కనిపిస్తుంది. నాకేం కనిపించి చస్తుంది? ఒకరోజు పరిగెత్తగలను, ఒకరోజు పళ్లు తోముకోలేను. ఏ రోజు ఏదో నాకే తెలీదు."

"సెలవు పెట్టుకుంటావా? మూడు నెలలు ఇప్పిస్తాను."

"మూడు నెలల తర్వాత ఎండ పోదు కద సార్. నాకు సెలవొద్దు, సాయంత్రం కావాలి."

"సాయంత్రమేంటి?"

ఆమె లేచి వెళ్లి గోడ వారనున్న గూటిలోంచి ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. సంతకం పెట్టి తీసుకోవాల్సిన రిజిస్టర్డ్ ఉత్తరాలవి. ప్రతిదాని మీదా ఆమె చేతిరాతతో ఒకటే మాట: తాళం. కొన్నిటి మీద రెండుసార్లు. కొన్నిటి మీద మూడుసార్లు.

"పోయిన నెల నా బీటుకి నూట అరవై వచ్చాయి సార్. డెబ్భై మొదటిసారి తిరిగొచ్చేశాయి. పగలు తలుపు తీసేదెవరు? పిల్లలు బళ్లో, పెద్దవాళ్లు పనిలో. ఈ నర్సమ్మగారి కవరు పట్టుకుని మూడుసార్లు నాలుగో అంతస్తు ఎక్కాను. ఆవిడ ముఖం నేను ఇంతవరకూ చూళ్లేదు. నేను మనుషులకి కాదు సార్, తాళాలకి పంచుతున్నాను ఉత్తరాలు. అదే ఆరింటికి వెళ్తే అందరూ ఇంట్లోనే ఉంటారు. ఎండా ఉండదు."

పోస్టుమాస్టరుగారు నియమాల పుస్తకాన్ని దాటి అడుగు వేసే మనిషి కాదు. ఆ పుస్తకం ఆయన బల్ల మీద, నీళ్ల గ్లాసు పక్కనే ఉంటుంది. ఆ రోజు దాన్ని ఇంటికి తీసుకెళ్లారు. ఇల్లంటే ఎక్కడో కాదు, ఆఫీసు పై అంతస్తే. రెండు రోజులు చదివారు. మూడో రోజు మెట్లు దిగుతూనే, "దొరికిందమ్మా! బట్వాడా వేళలు స్థానిక సౌకర్యాన్ని బట్టి ఆఫీసు అధికారి నిర్ణయించవచ్చు. ఎనభై ఎనిమిదో పేజీ. ఇన్నేళ్లుగా చదువుతున్నా, ఇది నా కళ్లబడలేదు చూశావా!" అన్నారు. పోగొట్టుకున్న కళ్లజోడు దొరికినంత సంబరం ఆయన ముఖంలో.

అంతా సవ్యంగా జరిగిపోతుందనుకుంటే గంట బాబాయి అడ్డం పడ్డాడు. ఆయన పక్క బీటు. ఆయనవి చదును వీధులు కాబట్టి సైకిలు మీద తిరుగుతాడు. మనిషి ఎదురొచ్చినా పిల్లి ఎదురొచ్చినా ఎవరూ ఎదురురాకపోయినా గంట మోగిస్తాడు కాబట్టి ఆ పేరు.

"నాకూ ఎండ పడదు సార్" అన్నాడు. "అసలు ఎండ ఎవడికి పడుతుంది? నాకూ సాయంత్రమే ఇప్పించండి. ఆవిడ ఒక్కతే మనిషా?"

సార్టరమ్మ ఏదో అనబోయింది. ఉత్తరాలక్క ఆపింది. ఆయన మాటలో తప్పేముంది? ఇంకో చిక్కు కూడా ఉంది. తన బీటులో ముప్పై ఎనిమిది తలుపులు సాయంత్రం అయిదుకల్లా మూతపడతాయి. వరసగా కొట్లు, రెండు కార్ఖానాలు, ఒక బ్యాంకు, ఒక బడి. అవన్నీ ఉన్నది కిందనున్న బజారువీధిలో. వాటికి పగలే పోవాలి. ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేసుకుంది. మర్నాడు బాబాయి దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, నీ బీటులో నెలకి ఎన్ని తాళాలు?"

"ఎనభై. ఎందుకూ?"

"ఆ ఎనభై నాకిచ్చెయ్. సాయంత్రం నేను ఇచ్చేసుకుంటా. నా కొట్లూ బ్యాంకూ పొద్దున నువ్వు ఇచ్చెయ్. నీకు సైకిలుంది, దారిలోనే. ఆ ఎనభైకి రెండోసారీ మూడోసారీ తిరగక్కర్లేదు కాబట్టి ఒంటిగంటన్నరకి ఇంట్లో ఉంటావు."

బాబాయి నుదురు చిట్లించి మనసులో లెక్క వేశాడు. ఆయనకి భోజనం తర్వాత గంట నిద్రంటే ప్రాణం. పదిహేనేళ్లుగా ఆదివారం తప్ప దక్కని భోగం అది.

"ఒంటిగంటన్నరా?"

"ఒంటిగంటన్నర."

"ముందే ఈ ముక్క చెప్పొచ్చుగా. పెద్దవాణ్ని, నాతో అంతంత మాటలనిపించావు" అన్నాడు బాబాయి.

అలా మొదలైంది. మధ్యాహ్నం మూడింటికి గొడుగేసుకుని ఆఫీసుకి వచ్చేది. ఇల్లు రెండు సందుల అవతలే. అప్పటికి కీళ్లు వదులై వేళ్లు ఆమె మాట వినేవి. నీడలో కూర్చుని వరస పేర్చుకుని, ఎండ మేడల వెనక్కి జారాక ఆరింటికి బయల్దేరేది.

మొదటి సాయంత్రం ఆమె వెంట అత్తగారు కూడా బయల్దేరింది. చీకటి పడుతుంది, ఆడపిల్ల ఒక్కతే, పైగా ఒంట్లో బాగోలేదు అని. చేతిలో టార్చిలైటు. ఉత్తరాలక్క ఒక తలుపు కొట్టి, ఉత్తరం ఇచ్చి, రెండో తలుపు దగ్గరికి వెళ్లేసరికి అత్తగారు మొదటి తలుపు దగ్గరే ఉండేది. "మా కోడలు. ఇకనుంచి సాయంత్రాలే వస్తుంది. ఎందుకంటారా? పెద్ద కథలెండి..." అని గుమ్మంలో మొదలుపెట్టి లోపల కుర్చీ దాకా వెళ్లిపోయేది. మూడిళ్లలో టీ తాగింది. ఒక ఇంట్లో పెళ్లికాని అబ్బాయి జాతకం దాకా వచ్చింది వ్యవహారం. ఎనిమిదిన్నరకి అయిపోవాల్సిన బట్వాడా పదింటికి కూడా అవలేదు. మిగిలిన ఉత్తరాలు, సంతకాల కార్డులు ఆఫీసుకి అప్పజెప్పాలి కాబట్టి కోడలు పోస్టుమాస్టరుగారి ఇంటి తలుపు కొట్టింది. ఆయన నిద్రకళ్లతో వచ్చి, లెక్క చూసి సంతకం పెట్టి, "అమ్మా, రేపటినుంచి తపాలా ఒక్కటే పంచు. మీ అత్తగారిని పంచొద్దు" అన్నారు.

కానీ నిజం చెప్పాలంటే ఆ ఒక్క సాయంత్రంతో, ఉత్తరాలక్క ఏళ్లుగా దాచుకున్న సంగతి బీటు మొత్తానికీ తెలిసిపోయింది. ఆమెకి సిగ్గేసింది. రెండు రోజులు అత్తగారితో మాట్లాడలేదు. మూడో రోజు ఒకావిడ గుమ్మంలో కుర్చీ వేసి ఉంచింది, కాసేపు కూర్చుని పొమ్మని. నాలుగో రోజు మేడ మీదివాళ్లు కిందికే దిగివచ్చి సంతకం పెట్టారు. అయిదో రోజు ఉత్తరాలక్క అత్తగారికి వేడివేడిగా టీ పెట్టి ఇచ్చింది. ఇద్దరి మధ్యా దాని గురించి ఇంక మాట రాలేదు.

అయితే ఆ కబురు చేరని గుమ్మం ఒకటి మిగిలిపోయింది. లెక్కల మేష్టారిది. రిటైరయి ఒంటరిగా ఉంటారు. పన్నెండేళ్లుగా ఆయనకి తపాలా పదకొండూ పదికి వస్తుంది. పదకొండింటికి కుర్చీ వాకిట్లో వేసుకుంటారు. ఉత్తరం ఉంటే ఇచ్చి, లేకపోతే ఆమె "ఈరోజు ఏం లేవు మేష్టారూ" అని ఒక మాట చెప్పి వెళ్తే, ఆయన కుర్చీ లోపల పెట్టుకుని వంట మొదలుపెడతారు. ఇప్పుడు ఆ ఏర్పాటంతా తలకిందులైంది. ఆయన నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, అంటించి, తపాలా పెట్టెలో వేశారు. ఆ ఫిర్యాదు మీద ముద్ర వేసి, పోస్టుమాస్టరు బల్ల మీద పెట్టింది ఉత్తరాలక్కే. దస్తూరీ చూడగానే తెలిసిపోయింది, లోపలేముందో.

పోస్టుమాస్టరుగారు చదివి తల పట్టుకున్నారు. "ఇది పై ఆఫీసుకి పంపాలమ్మా. నియమం."

"ఒక్క రోజు ఆగండి సార్."

ఆ సాయంత్రం మేష్టారి ఇంటికి చివర వెళ్లింది. ఆయన తలుపు సగమే తీశారు.

"క్రమశిక్షణ అనేది ఒకటుంటుంది" అన్నారు.

"ఉంటుంది మేష్టారూ. నాకు ఎండ పడని జబ్బు వచ్చింది. అందుకని క్రమం మార్చుకోవాల్సొచ్చింది. మీకు చెప్పకుండా మార్చడం తప్పే. మిగతా అందరికీ మా అత్తయ్య చెప్పేసింది, మీ ఇల్లు ఒక్కటే మిగిలిపోయింది."

ఆయన తలుపు మొత్తం తీశారు. తర్వాత, "నాలుగు పేజీలు రాశాను" అన్నారు.

"చూశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది."

"నాకు ఉత్తరాలు రాసేవాళ్లు ఎవరూ లేరమ్మా. తెలుసుగా నీకు. పదకొండింటికి ఒక మనిషి వస్తుందని కూర్చునేవాణ్ని. అంతే." ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "సరే, సాయంత్రం ఎన్నింటికి?"

"మీ ఇల్లు మొదట్లో పెడతాను. ఆరూ పదికి."

ఫిర్యాదు మీద మర్నాడు ఆయనే వచ్చి "ఉపసంహరించుకున్నాను" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టి వెళ్లారు. ఇప్పుడు కుర్చీ ఆరింటికి వాకిట్లోకి వస్తోంది.

ఒంట్లో బాగోని రోజులు మాత్రం అలాగే వచ్చిపోతుండేవి. దానికీ ఒక ఏర్పాటు జరిగింది. ఎవరూ కూర్చుని రాసింది కాదు, చేస్తూ చేస్తూ కుదిరింది. ఒంటిగంటలోపు సార్టరమ్మకి ఫోను చేసి "ఈరోజు మెట్లు నావల్ల కాదు" అంటే చాలు. ఆ రోజుకి బాబాయి వెళ్తాడు. ఆమె ఆఫీసులోనే కుర్చీలో కూర్చుని, చదవలేని చిరునామాల కట్ట, ఇల్లు మారినవాళ్ల ఉత్తరాల కట్ట ముందేసుకునేది. అవి వారాల తరబడి పేరుకుపోయి ఉండేవి. ఆమె చేయి పడ్డాక రెండు నెలల్లో గూడు ఖాళీ అయింది. బాబాయి ఇంట్లో పని ఉన్న రోజు ఆయన మిగిల్చిన వీధులు సాయంత్రం ఆమె చూసేది. ఎవరు ఎవరికి ఎన్ని బాకీ అని ఎవరూ రాసిపెట్టలేదు.

రెండో ఏడు చలికాలంలో జబ్బు గట్టిగా రేగింది. ఈసారి కీళ్లతో ఆగలేదు, మూత్రపిండాల మీదికి పోయింది. కాళ్లు వాచిపోయి ఆసుపత్రిలో చేరింది. నలభై రోజులు. మందుల వల్ల ముఖం గుండ్రంగా ఉబ్బింది. భర్త రోజూ కొట్టు మూసి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "నువ్వు లేకపోతే ఇంట్లో మా అమ్మ మాటలన్నీ నేనొక్కణ్నే వినాలి. త్వరగా వచ్చెయ్" అన్నాడు. ఆయన జన్మలో అంత పొడుగు మాట మాట్లాడలేదు. ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఆమె భయమల్లా బీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తారని. పోస్టుమాస్టరుగారు చూడ్డానికి వచ్చినప్పుడు అడగలేక అడగలేక అడిగింది. "బీటు నీదే. బాబాయి చూస్తున్నాడు" అన్నారాయన.

"సాయంత్రాలా? మరి ఆయన నిద్ర?"

"నిద్ర లేదు పాడూ లేదు. ఆ చిరాకంతా గంట మీద చూపిస్తున్నాడు. మెట్ల వీధుల్లోకి కూడా ఊడదీసి పట్టుకెళ్తున్నాడు."

అది నిజమే. చేత్తో గంట పట్టుకుని మోగిస్తూ మెట్లెక్కడం మేమంతా చూశాం. ఆమె తిరిగి వచ్చాక బాబాయి ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. ఈ నలభై రోజుల్లో తెలుసుకున్నవి తలుపు నంబరు వేసి రాశాడు. "నలభై రెండు: గట్టిగా కొట్టాలి, చెవుడు. డెబ్భై: మెట్టు ఒకటి ఊగుతోంది, జాగ్రత్త." నా నంబరు దగ్గర ఏం రాశాడో ఆమె చూపించింది. "నూట పదహారు: మాట్లాడిస్తే వదలడు."

మూడో ఏడు పై ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. ఒక్క బీటు మాత్రం సాయంత్రాలు నడుస్తోందని ఎలాగో చెవిన పడింది. మనిషి మంచివాడు, మెత్తగా మాట్లాడతాడు. కాగితాలు తిరగేశారు. తాళం పడి తిరిగొచ్చేవి నెలకి డెబ్భై ఉండేవి పంతొమ్మిదికి దిగాయి. ఉత్తరాలక్కను పిలిచి, కుర్చీ చూపించి, జాలిగా చూశారు.

"ఇంత బాధ పడుతూ తిరగడమెందుకమ్మా? హెడ్డాఫీసులో కౌంటరు ఖాళీ ఉంది. నీడ, ఫ్యాను, కుర్చీ. తొమ్మిది నుంచి అయిదు. నేను రాసేస్తాను."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎవరికైనా నెత్తిన పాలు పోసినట్టే కదా. ఆమె మాత్రం "వద్దు సార్" అంది.

"వద్దా?"

"తొమ్మిదికి అక్కడుండాలంటే ఏడున్నరకి బస్సెక్కాలి. ఏడున్నరకి నా వేళ్లు గుండీ కూడా పెట్టవు. ఎక్కినా ఎండలో గంట, దిగాక పది నిమిషాలు. అక్కడ ఒంట్లో బాగోని రోజు ఎవరికి ఫోను చెయ్యను? కౌంటరు ముందు జనం నిలబడి ఉంటారు. మీకు నీడ కనిపిస్తోంది సార్. నాకు గడియారం కనిపిస్తోంది."

"అంటే ఆ మెట్లే నయమంటావా?"

"నడిస్తే నాకు మంచిదని డాక్టరే చెప్పింది. పైగా, నేను ఉత్తరాలిచ్చే మనిషిని సార్. జబ్బు వచ్చింది కాబట్టి ఇకమీదట తపాలా బిళ్లలమ్ముకో అంటే..." బల్ల మీది లెక్కల కాగితం ఆయన వైపు జరిపింది. "నాకు చేతనైన పనే, నా వల్లయ్యే వేళకి చేస్తానంటున్నా. తక్కువ చేస్తాననడం లేదు."

ఇన్‌స్పెక్టరుగారు కాగితాలు పక్కన పెట్టారు. "ఈరోజు నేనూ వస్తాను, చూస్తాను" అన్నారు.

వచ్చారు. మర్యాద కోసం చేతిలో రెండు పార్శిళ్లు కూడా పట్టుకున్నారు. మొదటి వీధిలో ప్రశ్నలు వేశారు. రెండో వీధిలో ప్రశ్నలు తగ్గాయి. అయిదంతస్తుల మేడ నాలుగో అంతస్తులో గోడకి ఆనుకుని రొప్పుతూ, "రోజూ... ఇన్నా?" అన్నారు.

"ఇంకా రెండు వీధులున్నాయి సార్. మీరు కాసేపు కూర్చోండి, నేనిచ్చేసి వస్తా."

ఆ అంతస్తులోనే నర్సమ్మ తలుపు తీసి సంతకం పెట్టి, రొప్పుతున్న ఆయన్ని చూసి లోపలినుంచి నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఈమె సాయంత్రాలు రాబట్టి నా కాగితాలు నాకు అందుతున్నాయండీ. అంతకుముందు సెలవు పెట్టుకుని మీ ఆఫీసుకొచ్చి తెచ్చుకునేదాన్ని" అంది. ఎవరూ చెప్పమని చెప్పింది కాదు.

వారం తర్వాత పై ఆఫీసు నుంచి మూడు వాక్యాల ఉత్తర్వు వచ్చింది. ఆరు నెలలు కొనసాగించవచ్చని. ఆరు నెలలు ఇంకో ఆరు నెలలైంది. తర్వాత పొడిగించడం కూడా మానేశారు, అదే అలవాటైపోయింది. నడుంనొప్పితో బాధపడే ఇంకో ఆఫీసు బట్వాడా ఉద్యోగి ఒకాయన, మా బీటు సంగతి విని వచ్చి, ఆమెతో గంటసేపు కూర్చుని లెక్కలన్నీ రాసుకుని వెళ్లాడు. ఇక్కడ కొత్తగా చేరిన సార్టరు పసిబిడ్డ తల్లి. ఆ అమ్మాయి పొద్దున రెండు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు వస్తోంది. ఎవరూ వింతగా చూడరు.

ఇప్పుడు ఉత్తరాలక్కకి నలభై ఆరు. మంచి ఏళ్లు ఉన్నాయి, గడ్డు ఏళ్లు ఉన్నాయి. రెండేసి మెట్లు ఎక్కడం ఎప్పుడో మానేసింది. మూడు నెలలకోసారి పరీక్షలు, రోజూ మాత్రలు. పోయిన వారం డాక్టరమ్మ ఒక మాత్ర సగానికి తగ్గించింది. ఆ కబురు చెబుతూ మా గుమ్మంలో నిలబడ్డప్పుడు, పరీక్షలో ఫస్టున వచ్చిన పిల్లలా ఉంది ముఖం.

ఈ నెల ఆమె బీటుకి ఒక కొత్త వీధి కలిపారు. నిన్న సాయంత్రం మొదటిసారి ఆ వీధిలోకి వెళ్లింది. ఎవరెవరో తెలియదు, ఏ గేటు తోస్తే ఏ కుక్క వస్తుందో తెలియదు. ప్రతి తలుపు దగ్గరా ఆగి, పేరడిగి, చిన్న పుస్తకంలో రాసుకుంటూ కనిపించింది. ఆలస్యమైతే భర్త స్కూటరు తీసుకుని వీధి చివర నిలబడ్డాడు. "పద, చాలు" అని పిలిచాడు. "ఉండండీ, ఈ ఎర్ర గేటావిడ ఇప్పుడే వచ్చింది" అని ఆమె వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి ఊపి గేటు తోసింది.